ఉప్పుగాలికి నిలిచే ఏసీ ఏది? నెల్లూరు, ప్రకాశం ఇళ్లకు ఎంపికలో చూడాల్సినవి

క్లుప్తంగా: తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఏసీ ఎన్నాళ్లు మన్నుతుందో మూడు విషయాలు తేలుస్తాయి: కాయిల్, ఇంట్లోకి వచ్చే కరెంటు, బిగించిన మెకానిక్ పనితనం. స్టార్ల లెక్క వాటి తర్వాతే. పూత వేసిన రాగి కాయిల్, గది వేడికి సరిపోయే సామర్థ్యం, హైకట్ (ఓల్టేజీ హద్దు మీరితే కరెంటు ఆపేసే ఏర్పాటు) ఉన్న స్టెబిలైజర్, సరైన ఎర్త్, గొట్టాల్లోని గాలిని పీల్చేసే వాక్యూమ్ పంపుతో బిగింపు, కాయిల్‌కూ పీసీబీకీ (ఎలక్ట్రానిక్ బోర్డు) విడిగా రాసిన వారంటీ ముందుగా చూసుకోవాలి. పడమటి మెట్ట ప్రాంతంలో ఉప్పు బెడద లేదు. అక్కడ ఎండ తీవ్రత, ఓల్టేజీ ప్రధాన సమస్యలు.

వేసవి ముదిరేసరికి నెల్లూరు ట్రంకురోడ్డులోనూ, ఒంగోలు కర్నూలురోడ్డులోనూ ఏసీ దుకాణాల్లో వినిపించే ప్రశ్నలు మూడే: ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు, ఎంత తగ్గిస్తారు? 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 2026 జనవరి నుంచి స్టార్ రేటింగు కొలమానం మారింది. దీంతో ధరలు, స్టార్ల చుట్టూ గందరగోళం ఇంకా పెరిగింది. కానీ ఇంట్లో బిగించాక మూడో ఏటో నాలుగో ఏటో ఎదురయ్యే బాధలకు ఈ మూడు ప్రశ్నల్లో దేనితోనూ పెద్దగా సంబంధం ఉండదు. "గ్యాస్ పోయింది", "బోర్డు కాలింది", "లోపల నీళ్లు కారుతున్నాయి" అన్నవే ఆ బాధలు. వీటి మూలాలు ఈ నేల వాతావరణంలో, వైరింగులో, బిగింపులో ఉన్నాయి.

## ఒకే ప్రాంతంలో రెండు వాతావరణాలు

తూర్పున మైపాడు, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు ఇళ్లకూ, పడమట ఉదయగిరి, కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఇళ్లకూ ఏసీ చేయాల్సిన పని ఒకటి కాదు. తేడా తెలియాలంటే ముందు కూలర్‌ను గమనిస్తే చాలు.

మెట్టలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, గాలిలో తేమ 20 శాతం ఉందనుకుందాం. మంచి గడ్డి మెత్తలున్న కూలర్ ఆ గాలిని దాదాపు 28 డిగ్రీలకు దించగలదు. అదే తీరంలో 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న సాయంత్రం ఎంత పెద్ద కూలరైనా 30 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పైగా గదిని ఆవిరిగుంటలా మారుస్తుంది. అందుకే పడమటి ఊళ్లలో కూలర్‌తో వేసవి గడిపేయగలిగిన కుటుంబం, నెల్లూరికో ఒంగోలుకో ఇల్లు మారగానే ఏసీ కోసం వెతుక్కుంటుంది.

ఏసీకి కూడా ఈ తేడా వర్తిస్తుంది. మెట్టలో అది ప్రధానంగా వేడిని లాగాలి. తీరంలో వేడితో పాటు గాలిలోని నీటిని కూడా పిండాలి. ఏసీ శక్తిలో గణనీయమైన భాగం ఆ నీటిని చల్లబరిచి బొట్లుగా మార్చడానికే ఖర్చవుతుంది. డ్రెయిన్ పైపులోంచి రాత్రంతా బకెట్ నిండేలా కారే నీళ్లు దానికి సాక్ష్యం. మే నెలలో పడమటి గాలి బలంగా వీచిన రోజున తీరప్రాంతం కూడా మెట్టలాగే మాడిపోతుంది. సాయంత్రం పైరగాలి తిరిగిందంటే ఉష్ణోగ్రత దిగుతుంది, జిగట మొదలవుతుంది. ఒకే రోజులో ఏసీ రెండు రకాల పనులూ చేయాల్సి వస్తుందన్నమాట. వేగం తగ్గించుకుని ఆగకుండా నడిచే ఇన్వర్టర్ ఏసీ తీరానికి అనువుగా ఉండటానికి విద్యుత్ ఆదాతో పాటు ఇదీ ఒక కారణం.

## ఉప్పు కాయిల్‌ను ఎలా తింటుంది

ఏసీ కాయిల్ అంటే రాగి గొట్టాలు, వాటి చుట్టూ దగ్గరదగ్గరగా పేర్చిన పలుచని అల్యూమినియం రేకులు. ఈ రేకులనే మెకానిక్‌లు ఫిన్స్ అంటారు. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పునీటి పొర చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆ బ్యాటరీలో ముందు కరిగిపోయేది అల్యూమినియం.

దీనికి వాన కురవాల్సిన పని లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు తనంతట తానే తేమను పీల్చుకుని ద్రవంగా మారుతుంది. తీరంలో చాలా రాత్రులు తేమ ఆ గీత దాటే ఉంటుంది. పగలు ఆరడం, రాత్రి తడవడం, మళ్లీ ఆరడం. ఈ చక్రం నెలల తరబడి సాగితే రేకుల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. వేలితో గీస్తే రేకు బిస్కెట్‌లా పొడిపొడిగా రాలుతుంది. ఆ దశలో గొట్టానికీ రేకుకూ పట్టు తప్పుతుంది, వేడి బయటకు పోదు, లోపల గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. చల్లదనం తగ్గిందని ఇంట్లోవాళ్లు 24 నుంచి 18కి దించుతారు. దాంతో కంప్రెసర్‌పై భారం మరింత పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అవుట్‌డోర్ యూనిట్‌ను సన్‌షేడ్ కిందో, బాల్కనీ మూలనో పెడితే క్షేమమని అనుకుంటారు. ఎండ విషయంలో అది నిజమే. ఉప్పు విషయంలో మాత్రం వాన తగలని చోటే ప్రమాదం. ఆరుబయట ఉన్న యూనిట్‌ను అక్టోబరు, నవంబరు వానలు కడిగేస్తాయి. నీడలో ఉన్నదాని మీద ఉప్పు పేరుకుంటూనే పోతుంది. పైగా చలికాలంలో నెలల తరబడి ఏసీ వాడరు. ఫ్యాన్ తిరగదు, కాయిల్ ఆరదు.

ఉప్పు ప్రభావం తీరం నుంచి తొలి రెండు మూడు కిలోమీటర్లలో చాలా తీవ్రంగా ఉండి, లోపలికి వెళ్లేకొద్దీ వేగంగా తగ్గుతుంది. నెల్లూరు నగరానికి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు. కాబట్టి నగరంలోని ఇంటికీ, మైపాడులో అలల చప్పుడు వినిపించే ఇంటికీ ఒకే జాగ్రత్త అక్కర్లేదు. అయితే పట్టణాల్లో మరో శత్రువు ఉంది: మురుగు కాలువ. సందుల్లో స్థలం లేక చాలా ఇళ్లలో అవుట్‌డోర్ యూనిట్‌ను తెరిచి ఉన్న సైడు కాలువ మీదే బిగిస్తారు. అక్కడి నుంచి వచ్చే కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది నేరుగా రాగినే తింటుంది. గొట్టం నల్లబడటం దాని గుర్తు.

లోపలి యూనిట్‌లో రాగికి ఇంకో రకం తెగులు పడుతుంది. కొత్త రంగులు, ప్లైవుడ్, కప్‌బోర్డుల జిగురు నుంచి వెలువడే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఆవిరి తడి కాయిల్ మీద చేరి, కంటికి కనిపించని సన్నని సొరంగాలు తొలుస్తుంది. చీమల పుట్టలా ఉంటుంది కాబట్టి దీన్ని చీమపుట్ట తుప్పు అంటారు. కొత్తగా ఇంటీరియర్స్ చేయించిన గదిలో కిటికీలు మూసి వెంటనే ఏసీ వాడటం మొదలుపెడితే ఈ ముప్పు ఎక్కువ. కొన్ని వారాలు గాలి ఆడనిచ్చి తర్వాత వాడుకోవడం చౌకైన వైద్యం.

కొనేటప్పుడు దీన్నంతా ఎలా లెక్కలోకి తీసుకోవాలి? మొదట, రాగి కాయిల్ ఉన్నదే తీసుకోవాలి. మొత్తం అల్యూమినియంతో చేసే మైక్రోచానల్ కాయిల్ తేలిక, గ్యాస్ తక్కువ పడుతుంది. కానీ చిల్లు పడితే మన ఊళ్లలో అతికేవారు దాదాపు ఉండరు, కాయిల్ మొత్తం మార్చాలి. రాగికి చిల్లు పడితే ఇత్తడి కడ్డీతోనో వెండి కడ్డీతోనో వెల్డింగ్ చేసే మెకానిక్ కావలిలోనూ దొరుకుతాడు, కందుకూరులోనూ దొరుకుతాడు. రెండోది పూత. నీలం రంగు ఫిన్స్, బంగారు రంగు ఫిన్స్ అని చూపించే పూత సాధారణంగా రేకులకే పరిమితం. కాయిల్ చివర్లలో గొట్టాలు యూ ఆకారంలో వంగే చోట, అతుకుల దగ్గర రాగి బట్టబయలుగా ఉంటుంది. ఆ వంపులకు కూడా రక్షణ పొర ఉందా అని మోడల్ పేరు చెప్పి అడగాలి. తీరం నుంచి ఐదు కిలోమీటర్ల లోపు ఇళ్లకు ఈ ఒక్క ప్రశ్న రెండు స్టార్ల తేడా కన్నా విలువైనది.

## టన్ను లెక్కను పాడుచేసేది స్లాబు

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు (వేడిని కొలిచే కొలత), అంటే 3.5 కిలోవాట్ల వేడిని బయటకు తోడే సామర్థ్యం. దుకాణంలో చెప్పే "టన్నున్నర" మాత్రం గుండుగుత్త మాట. ఆ పేరుతో అమ్మే యంత్రాల్లో కొన్నింటి సామర్థ్యం 4,750 వాట్ల దగ్గరే ఉంటుంది, కొన్నింటిది 5,200 దాటుతుంది. స్టార్ లేబుల్ మీద వాట్లలో రాసిన కూలింగ్ కెపాసిటీయే అసలు అంకె.

ఆ అంకె కూడా బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి పరీక్షలోది. బయట 44 డిగ్రీలు ఉంటే అదే యంత్రం అంత చల్లదనం ఇవ్వదు. పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కోల్పోతుంది. "52 డిగ్రీల్లో కూడా పనిచేస్తుంది" అన్న ప్రకటనకు ఆ వేడిలో ఆగిపోదన్నది అర్థం. పూర్తి సామర్థ్యం ఇస్తుందని కాదు. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఇళ్లకు కొనేవారు ఈ తేడాను తప్పక గమనించాలి.

గది కొలతను మించి లెక్కలు తారుమారు చేసేది పైకప్పు. ఎండకు కాగిన కాంక్రీటు స్లాబు ఆ వేడిని వెంటనే కిందికి దించదు, ఐదారు గంటలు తనలో దాచుకుంటుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ రాత్రి ఎనిమిదికి పడకగదిలోకి దిగుతుంది. బయట పైరగాలి చల్లగా వీస్తున్నా లోపల సీలింగుకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగలడం అందుకే. 10 అడుగులకు 12 అడుగుల గది కింది అంతస్తులో ఉంటే ఒక టన్ను సరిపోతుంది. అదే గది మిద్దె కింద, పడమటి గోడతో ఉంటే టన్నున్నర కావాలి. 150 నుంచి 180 చదరపు అడుగుల గదికి కింద టన్నున్నర, పైన రెండు టన్నుల దాకా పోవచ్చు. హాలును వంటగదితో కలిపి తెరిచి ఉంచిన ఇళ్లలో ఈ లెక్కలేవీ పనిచేయవు. ముందు తలుపో, మందపాటి తెరో పెట్టించుకోవాలి.

పెద్ద ఏసీ కొనేముందు మిద్దె మీద ఖర్చు పెట్టడం మేలు. తెల్లటి కూల్‌రూఫ్ రంగు, తెల్ల పెంకులు, కనీసం సున్నపు పూత వేసినా స్లాబు పీల్చే వేడి బాగా తగ్గుతుంది. తాటాకుల పందిరో, కొబ్బరి మట్టల పందిరో వేసి స్లాబుకూ దానికీ మధ్య గాలి ఆడేలా చేసే పాత పద్ధతి నేటికీ ఏ రంగుకూ తీసిపోదు. ఈ పనితో రెండు టన్నుల అవసరం టన్నున్నరకు దిగే అవకాశం ఉంది.

అవసరానికి మించి పెద్దది తీసుకుంటే నష్టమా? తీరంలో నష్టమే. గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ పిండటానికి తగినంత సమయం దొరకదు. సెప్టెంబరు రాత్రి 24 డిగ్రీల్లో కూడా దుప్పటి చెమ్మగా తగలడం, గోడ మూలల్లో బూజు రావడం దాని ఫలితాలు. ఇన్వర్టర్ ఏసీకి ఈ దోషం తక్కువే గానీ, అదీ ఒక కనిష్ఠ వేగం కన్నా దిగలేదు. అలాంటి రాత్రుల్లో తేమ తీసే డ్రై మోడ్ వాడటం, 26 డిగ్రీలు పెట్టి ఫ్యాన్ తిప్పుకోవడం సరైన దారి.

## స్టార్లు, కరెంటు శ్లాబులు

స్టార్ అనేది ఐఎస్‌ఈఈఆర్ అనే అంకెకు పెట్టిన సులువు పేరు. ఏడాది పొడవునా ఒక్కో యూనిట్ కరెంటుతో ఎన్ని యూనిట్ల వేడిని బయటకు తోడుతుందో ఆ అంకె చెబుతుంది. 2022 జూలై నుంచి 2025 చివరి వరకు స్ప్లిట్ ఏసీకి 5 స్టార్ రావాలంటే ఈ అంకె 5 ఉండాల్సి వచ్చేది, 3 స్టార్‌కు 3.8 సరిపోయేది. 2026 జనవరి 1 నుంచి గీత పైకి జరిగింది. అంతకుముందు 5 స్టార్ అనిపించుకున్న యంత్రం కొత్త కొలమానంలో ఒక మెట్టు దిగింది. పాత స్టాకు, కొత్త స్టాకు పక్కపక్కనే అమ్ముతున్నప్పుడు స్టార్లను పోల్చితే మోసపోతారు. లేబుల్ మీది ఐఎస్‌ఈఈఆర్ అంకెను, లేబుల్ కాలాన్ని చూడాలి. ఏటా ఇన్ని యూనిట్లు అని అక్కడే రాసి ఉండే అంకె 1,600 గంటల వాడకానికి వేసినది. రోజుకు పది గంటల చొప్పున అంటే సుమారు 160 రోజులు.

ఎక్కువ ఐఎస్‌ఈఈఆర్ కోసం పెట్టే అదనపు డబ్బు తిరిగి వస్తుందా అన్నది మన కరెంటు శ్లాబుల్లో తేలుతుంది. 2022 నాటి టారిఫ్ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి నెలకు తొలి 30 యూనిట్లు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఇంధన సర్దుబాటు, ఇతర ఛార్జీలు వీటికి అదనం.

ఏసీ లేకుండా నెలకు 120 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుందాం. 3.9 ఐఎస్‌ఈఈఆర్ ఉన్న టన్నున్నర ఏసీ రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే, గంటకు సగటున 0.9 యూనిట్ చొప్పున నెలకు 216 యూనిట్లు. మొత్తం 336 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ రూ.1,988. ఏసీ లేనప్పుడు అదే ఛార్జీ రూ.395 ఉండేది. అదే గదిలో 5.1 అంకె ఉన్న ఏసీకి గంటకు సుమారు 0.7 యూనిట్. మొత్తం 288 యూనిట్లకు రూ.1,568. తేడా 48 యూనిట్లే అయినా ఆ 48 యూనిట్లూ రూ.8.75 శ్లాబులోవి కాబట్టి నెలకు రూ.420 మిగులుతుంది. సగటు ధరతో లెక్కేసేవారు ఈ మిగులును తక్కువ అంచనా వేస్తారు. ఆదా అయ్యే యూనిట్ ఎప్పుడూ అత్యంత ఖరీదైన యూనిట్.

ఈ లెక్కన ఏడాదికి నాలుగైదు నెలలు గట్టిగా వాడే ఇంట్లో దాదాపు రూ.2,000 మిగులుతుంది. రెండు యంత్రాల ధరలో తేడా ఎనిమిది నుంచి పది వేలు ఉంటే నాలుగైదేళ్లలో వచ్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి రెండు గంటలు వేసి ఆపేసే ఇంట్లో ఆ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు. తీరంలో వారంటీ లేని కాయిల్ నాలుగో ఏట పోయి మార్చాల్సి వస్తే అప్పటిదాకా మిగిల్చినదంతా ఒక్క దెబ్బకు పోతుంది. అందుకే కాయిల్ రక్షణ, సర్వీస్ సమానంగా ఉన్న రెండు మోడళ్ల మధ్య మాత్రమే స్టార్లు తీర్పు చెప్పాలి.

## బోర్డు కాలడం వెనుక కరెంటు

ఇన్వర్టర్ ఏసీ మెదడు పీసీబీ. కంప్రెసర్‌ను వేర్వేరు వేగాల్లో నడిపేది అదే, ఓల్టేజీ దెబ్బకు ముందు పోయేదీ అదే. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని రాసిన యంత్రాలకు ఒక ఓల్టేజీ పరిధి ఉంటుంది, పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాస్తారు. ఆ పరిధిలో హెచ్చుతగ్గులను బోర్డు తట్టుకుంటుంది. ఆ పరిధి దాటి వచ్చే దెబ్బకు, పిడుగు పడ్డప్పుడు ఒక్కసారిగా ఎగిసే ఓల్టేజీకి (సర్జ్) ఆ మాట వర్తించదు.

పల్లెల్లో అసలు ప్రమాదం న్యూట్రల్ తెగడం. మూడు ఫేజుల లైనులో గాలివానకు న్యూట్రల్ తీగ తెగినా, స్తంభం దగ్గర తీగలను కలిపే జంపర్ వదులైనా, ఒక ఫేజు మీదున్న ఇళ్లకు 230 ఓల్టుల చోట 300, 350 దాకా ఎగబాకుతుంది. లోడు తక్కువ ఉన్న ఫేజుకే ఎక్కువ ఓల్టేజీ పోతుంది. తుపాన్లు తగిలే తీరమంతటా ఈ ముప్పు ఉంది. వేసవి సాయంత్రాల్లో లో ఓల్టేజీ ఇంకో వైపు. ఇందుకూరుపేట, విడవలూరు వంటి రొయ్యల చెరువుల ఊళ్లలో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లు, ఇళ్లలో ఏసీలు ఒకే వేళకు నడుస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరంగా ఉన్న ఇళ్లకు ఓల్టేజీ దిగిపోతుంది.

కాబట్టి ఊరు ఏదైనా ముందు వారం రోజుల పాటు రాత్రి ఎనిమిదికి, పదికి మల్టీమీటర్‌తో ఓల్టేజీ రాసుకోవాలి. 200 కన్నా దిగుతున్నా, 250 దాటుతున్నా స్టెబిలైజర్ తప్పనిసరి. ఒక టన్నుకు 3 కేవీఏ, టన్నున్నరకు 4, రెండు టన్నులకు 5. హైకట్, మళ్లీ ఆన్ కావడానికి మూడు నిమిషాల ఆలస్యం ఉండాలి. వైరు ఒక టన్నుకు 2.5 చదరపు మిల్లీమీటర్లు, టన్నున్నరకు 4. బోర్డు నుంచి విడిగా లాగి, దానికంటూ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్) పెట్టాలి. ఫ్యాను, లైట్ల సర్క్యూట్‌లోంచి ఏసీకి కరెంటు తీయడం ప్లగ్గు కాలిపోవడానికి మొదటి కారణం.

ఎర్త్ గురించి ఒక మాట. తీరపు ఇసుక నేలలు వేసవిలో ఎండిపోయి ఎర్త్ గుంత పనిచేయడం మానేస్తుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వారానికోసారి బకెట్ నీళ్లు పోయడం పాత ఎలక్ట్రీషియన్లు చెప్పే మాట. అది అక్షరాలా నిజం. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు రెండు మూడు ఓల్టులకు మించి చూపిస్తే బిగించే ముందే సరిచేయించుకోవాలి.

ఏసీ పెట్టాక ఇంటి మంజూరు లోడు చాలకపోవచ్చు. నెల్లూరు వైపు దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ), ప్రకాశం వైపు మధ్య డిస్కం పరిధిలో అదనపు లోడుకు దరఖాస్తు చేసుకుంటే తనిఖీలప్పుడు చిక్కులుండవు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచేందుకు నమోదైన లోడే డిస్కంకు ఆధారం.

## బిగింపులో ఆ ఇరవై నిమిషాలు

స్ప్లిట్ ఏసీ ఫ్యాక్టరీలో సగమే తయారవుతుంది. రెండు యూనిట్లను కలిపే రాగి పైపు, దాని చివర్లను బిగించే ఫ్లేర్ నట్లు, డ్రెయిన్, ఇవన్నీ ఇంట్లోనే అవుతాయి. వేసవి మధ్యలో రోజుకు ఐదారు ఇళ్లు తిరిగే మెకానిక్ చేతిలో ఎక్కువగా కోతపడేది వాక్యూమ్.

పైపు కలిపాక లోపల మిగిలిన గాలిని, తేమను పంపుతో పీల్చేయాలి. అందుకు కనీసం 15, 20 నిమిషాలు పడుతుంది. ఆపి మరో పది నిమిషాలు గేజు చూడాలి. ముల్లు వెనక్కి జరిగితే ఎక్కడో లీకు ఉందని అర్థం. దీనికి బదులు యూనిట్‌లో ఉన్న గ్యాస్‌నే కాస్త వదిలి గాలిని నెట్టేయడం తీరిక లేనివారి పద్ధతి. అలా చేస్తే తేమ లోపలే ఉండిపోయి కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారుతుంది. అది కంప్రెసర్ వైండింగును మెల్లగా తింటుంది. కొంత గ్యాస్ కూడా మొదటి రోజే పోతుంది. నేటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు స్వల్పంగా మండే గుణం ఉంది కాబట్టి మూసిన గదిలో దాన్ని వదలడం ప్రమాదం కూడా. వాక్యూమ్ పంపు తెచ్చారా అని మెకానిక్ మెట్లెక్కుతున్నప్పుడే అడగాలి.

పైపు కనీసం మూడు మీటర్లు ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే మీటరుకు ఇంత గ్యాస్ కలపాలని కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. అదనపు పైపు కొంటే గోడ మందం 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకోవాలి. పలుచని పైపు చివరను గరాటాలా వెడల్పు (ఫ్లేర్) చేసేటప్పుడే చీలుతుంది. రెండు పైపులకూ విడివిడిగా నల్ల రబ్బరు తొడుగు వేయాలి. ఎండ తగిలే చోట దాని మీద టేపు చుట్టకపోతే రెండు వేసవులకే పొడైపోతుంది, మిగిలినది ఉడతలు కొరుకుతాయి. డ్రెయిన్ పైపు మీటరుకు ఒక సెంటీమీటరైనా వాలు ఉండాలి. ఏసీ లోపలికి నీళ్లు కారడానికి సాధారణ కారణాలు ఈ వాలు లేకపోవడం, బూజు అడ్డుపడటం.

అవుట్‌డోర్ యూనిట్ వెనక కనీసం 15 నుంచి 30 సెంటీమీటర్లు, ముందు మీటరుకు తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. ఎదురుగా పక్కింటి గోడ రెండడుగుల్లో ఉంటే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. తీరంలో ఫ్యాన్ మూతి నేరుగా సముద్రం వైపు పెట్టకూడదు. గోడ చాటున, అయినా వాన తగిలేలా ఉన్న చోటు మంచిది. మామూలు ఇనుప స్టాండును మూడు నాలుగేళ్లలో బోల్టు రంధ్రాల దగ్గర తుప్పు తినేస్తుంది. రెండో అంతస్తు నుంచి 30 కిలోల యూనిట్ కింద పడితే ప్రాణాలకే ముప్పు. గాల్వనైజ్డ్ స్టాండు, స్టెయిన్‌లెస్ బోల్టులకు అయ్యే అదనపు ఖర్చు వందల్లోనే.

ఇంకొకటి, ఎంత చిన్నగా కనిపించినా నష్టం పెద్దది: బల్లి. అవుట్‌డోర్ యూనిట్ బోర్డు వెచ్చగా ఉంటుంది, అక్కడ చేరిన బల్లి రెండు టెర్మినళ్ల మధ్య అడ్డుపడితే వేల రూపాయల పీసీబీ క్షణంలో పోతుంది. వైర్లు లోపలికి వెళ్లే రంధ్రాన్ని సీలింగ్ మట్టితో మూయించాలి. కొనేటప్పుడు బోర్డుకు మూసిన లోహపు పెట్టె ఉన్న మోడల్‌ను ఎంచుకోవాలి.

## "గ్యాస్ అయిపోయింది" అన్నప్పుడు

పెట్రోలులా ఏసీ గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఏటా ఏప్రిల్‌లో గ్యాస్ నింపించుకోవడం మామూలేనని చాలా ఇళ్లు అలవాటుపడటం విచారకరం. లీకు మూయకుండా నింపిన ప్రతిసారీ రెండు మూడు వేలు గాలిలో కలుస్తాయి.

లీకు చోటును కనిపెట్టడం కష్టమేమీ కాదు. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా బయటకు వస్తుంది కాబట్టి ఫ్లేర్ నట్టు చుట్టూ, కాయిల్ వంపుల దగ్గర జిడ్డు మరక ఏర్పడి దానిమీద దుమ్ము నల్లగా అతుక్కుని ఉంటుంది. సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. కనిపించకపోతే నైట్రోజన్ ఎక్కించి కొన్ని గంటలు ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి. లీకు మూశాక వాక్యూమ్ చేసి, త్రాసు మీద పెట్టి, యూనిట్ స్టిక్కరు మీద రాసిన గ్రాముల ప్రకారమే నింపాలి. చేతి అంచనాతో ఎక్కువ నింపినా కంప్రెసర్‌కు చేటే.

## వారంటీ కాగితంలో ఏముంది

"పదేళ్ల వారంటీ" అంటే దాదాపు ఎప్పుడూ కంప్రెసర్‌కు మాత్రమే. ఇక్కడి ఇళ్లలో ముందుగా పోయే కాయిల్, పీసీబీ, ఫ్యాన్ మోటార్లకు ఎంతకాలం ఉందో వేరుగా చూడాలి. కాయిల్ చాలాచోట్ల ఏడాదికే పరిమితం, కొన్ని మోడళ్లకు ఐదేళ్ల వరకు ఇస్తున్నారు. ఇచ్చినచోట కూడా ఉప్పుగాలి వల్ల, రసాయనాల వల్ల వచ్చిన తుప్పుకు వర్తించదన్న షరతు ఉండొచ్చు. గ్యాస్, లేబర్, రవాణా, విజిట్ ఛార్జీలు ఎవరివో రాసి ఉందా? బిల్లు మీద దుకాణం చేత మోడల్ నంబరుతో సహా రాయించుకుని, కంపెనీ వద్ద వారంటీ నమోదు చేయించుకోవాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మేది కంపెనీయా, మూడో సంస్థా అన్నదీ తేల్చుకోవాలి.

సర్వీస్ సెంటరు ఎంత దూరంలో ఉందన్నది చిన్న ఊళ్లలో బ్రాండు పేరుకన్నా ముఖ్యం. నెల్లూరు, ఒంగోలులో దాదాపు అన్ని పెద్ద కంపెనీలకూ మనుషులున్నారు. ఉదయగిరి, కనిగిరి, కంభం వైపు మెకానిక్ రావడానికి రోజులు పట్టవచ్చు. కొనేముందు కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి సొంత పిన్‌కోడ్ చెప్పి, ఆ ఊరికి ఎవరు వస్తారు, పీసీబీ స్టాకు ఎక్కడుంటుంది అని అడిగితే పది నిమిషాల్లో విషయం తేలిపోతుంది. ఇదంతా ఫిబ్రవరిలోనే చేసుకుంటే మెకానిక్‌కు తీరిక ఉంటుంది, వాక్యూమ్‌కు ఆ ఇరవై నిమిషాలు దొరుకుతాయి.

బిగించిన రోజున తనిఖీ ఇలా చేయాలి. కూల్ మోడ్‌లో 15 నిమిషాలు నడిపాక లోపలికి వెళ్లే గాలికీ, బయటకు వచ్చే గాలికీ థర్మామీటర్‌తో తేడా చూడాలి. పొడి రోజున 10 నుంచి 12 డిగ్రీలు, జిగట రోజున 8 నుంచి 10 ఉండాలి. క్లాంప్ మీటర్‌తో కరెంటు ఎంత లాగుతోందో చూసి, యూనిట్ స్టిక్కరుతో పోల్చి, ఆ రెండు అంకెలనూ తేదీతో సహా బిల్లు వెనక రాసి పెట్టుకోవాలి. మరుసటి ఏడు అదే రోజుల్లో మళ్లీ కొలిస్తే కాయిల్ మురికి పట్టిందో, గ్యాస్ తగ్గిందో ఆ తేడాయే చెప్పేస్తుంది. తీరంలో ఇల్లయితే రెండు మూడు నెలలకోసారి మెయిన్ ఆపి, అవుట్‌డోర్ కాయిల్‌ను మంచినీళ్లతో, ఒత్తిడి లేకుండా, మామూలు గొట్టంతో కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆ నీళ్లు వాడకూడదు. రెండు బకెట్ల మంచినీళ్లు చాలు. చలికాలంలో వాడకపోయినా పది పదిహేను రోజులకోసారి అరగంట నడిపితే కాయిల్ ఆరుతుంది, కంప్రెసర్ ఆయిల్ తిరుగుతుంది.